పసుపు పూసిన ఫోర్కు

నేను ఒక సస్పెన్షన్ ఫోర్కుని. కొండలెక్కి దిగే సైకిలుకు ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య పట్టుకుని ఉంటాను. దారిలో రాయి తగిలితే కిందికి దిగుతాను, దాటగానే పైకి లేస్తాను. దిగడం, లేవడం, మళ్లీ దిగడం. ఇంతే నా బతుకు. బుద్ధిమంతురాలిలా ఓ మూల కూర్చోమంటే నా వల్ల కాదు. మీతో మాట్లాడుతున్న ఈ కాసేపు కూడా నాకు కాలు నిలవడం లేదు.

నా ఒళ్లు ఎలా ఉంటుందో ముందే చెప్పేస్తాను, తర్వాత అడగొద్దు. పైన అద్దంలా మెరిసే రెండు గొట్టాలు. అవి కింద ఉన్న రెండు లావుపాటి కాళ్లలోకి జారుతుంటాయి. లోపల ఓ వైపు గాలి, ఓ వైపు నూనె. గొట్టం కాలిలోకి దిగేచోట రబ్బరు సీలు ఒకటి, లోపలి నూనె బయటికి పోకుండా, బయటి మట్టి లోపలికి రాకుండా. నా ప్రాణమంతా ఆ సీళ్ల దగ్గరే ఉంది.

తైవాన్‌లో ఒక కార్ఖానాలో నన్ను బిగించి పెట్టెలో పెట్టినప్పుడు పక్కనే ఒక కాగితం కూడా పెట్టారు. యాభై గంటలు నడిచాక కింది కాళ్లు విప్పి నూనె మార్చండి, సీళ్లు శుభ్రం చేయండి. రెండొందల గంటలకో ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు, మొత్తం విప్పండి అని. వెనక చక్రానికి షాకు అని నా తమ్ముడొకడు ఉన్నాడు, వాడికీ దాదాపు ఇదే లెక్క. ఎంత సులువైన మాట! అయినా మనుషులకు గంటలు తెలియవు. వాళ్లకు తెలిసిందల్లా పండగలు.

మొదట నన్ను కొన్నది బెంగళూరులో నిహాల్ అనే కంప్యూటరు ఉద్యోగి. పాపం, కాగితాన్ని నమ్మినవాడు అతనొక్కడే. అతని ఫోను నా గంటలు లెక్కపెట్టేది, కాఫీ కొట్టు బయట నన్ను స్టాండేసిన గంటలతో సహా! ఒక్క రాయి కూడా తగలకుండానే నాకు మూడుసార్లు నూనె మార్చారు. దాహం లేనివాడి నోట్లో నీళ్లు పోసినట్టు. ఏడాదిన్నరకి అతనికి పరుగు పందేల పిచ్చి పట్టింది, సైకిలు అమ్మేశాడు. కొత్త బూట్ల తాడు కట్టుకుంటూ, కొన్నావిడతో ఒక్క మాట అన్నాడు: “సర్వీసు ఏడాదికోసారి చేయిస్తే చాలు.” పెద్ద సర్వీసు సంగతి చెప్పాడు, చిన్నది మింగేశాడు. నేను గింజుకున్నాను. ఫోర్కు గింజుకుంటే ఎవరికి వినబడుతుంది?

కొన్నావిడ పేరు రెడ్డెమ్మ. మదనపల్లె పక్కన కురబలకోటలో బడిపిల్లలకు ఆటలు నేర్పే టీచరు, ఇరవై ఆరేళ్లు. తెచ్చిన మర్నాడే నన్ను హార్సిలీకొండ పైనుంచి కాలిబాటన దించింది. అబ్బ, ఆ దిగడం! బండలు, వేళ్లు, గుంటలు, ఒకదాని వెనక ఒకటి తగులుతుంటే నేను ఎగిరెగిరి పడ్డాను. ఎందుకు పుట్టానో ఆ రోజు తెలిసింది. ఆమె చేతులకు వణుకు అందకుండా మొత్తం నేనే మింగాను. కింద ఆగి, హెల్మెట్ తీసి, తనలో తను నవ్వుకుంది. నాకు ఆవిడంటే ప్రాణమిచ్చేంత ఇష్టం కలిగింది, దాచుకోవడం దేనికి?

ఆమెకు ఒకే ఒక్క కోరిక ఉండేది. రాష్ట్రం జట్టులో చేరాలి. నవంబరులో అదే కొండమీద ఎంపిక పందెం. ఆడపిల్లల్లో మొదటి నలుగురిని తీసుకుంటారు. కిందటేడు ఎవరిదో సైకిలు అరువు తీసుకుని ఏడోది అయింది. స్టాఫు రూములో అందరూ నవ్వారట, కొండమీంచి పడేదానికి కూడా పోటీలుంటాయా అని. ఈసారి వదలనని తెల్లారకముందే నన్ను కొండెక్కించేది. యాభై గంటలు మార్చిలోనే దాటాయి. నూరు వేసవిలో దాటాయి. నా నూనె నల్లబడింది, నడుస్తుంటే చిన్నగా కీచుమనేదాన్ని. “దసరాకి చేయిద్దాంలే” అనేది రెడ్డెమ్మ. ఏడాదికోసారి అని విన్నది కదా, దానికి పండగ కుదిరింది.

దసరా దగ్గరికొచ్చేసరికి నా కథలోకి వాళ్ల నాయన చెంగల్రాయుడు వచ్చాడు. ముప్ఫై ఏళ్లు టమాటా లోడుతో మదనపల్లె నుంచి కలకత్తాకి లారీ తోలిన మనిషి. చూపు తగ్గి, లైసెన్సు పోయి, రెండేళ్లుగా ఇంట్లో ఉన్నాడు. ఆ రెండేళ్లూ ఆయుధపూజ నాడు పూజ చేయడానికి బండి లేక గుమ్మంలో కూర్చుని ఊళ్లో వాళ్ల బండ్లు చూశాడట. ఇప్పుడు ఇంట్లో చక్రాలున్నది నేనొక్కదాన్నే. ఇంకేం, ఆయన చేతికి పండగొచ్చింది.

పొద్దున్నే పైపు పెట్టి కడిగాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు, గుమ్మడికాయ దిష్టి తీశాడు. అక్కడిదాకా నాకూ సరదాగానే ఉంది. ఆ తర్వాత గిన్నెలో ఆముదం పోసి పసుపు కలిపాడు. లారీలకు అలాగే పూస్తాడట, వానకు కూడా పోదట. నా అద్దపు గొట్టాలకు, రెండింటికీ, మందంగా పట్టించాడు. పైన కుంకుమ బొట్లు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి చూడండి, నేను తిట్టబోయి ఆగిపోయాను.

“నాయినా, తుడిసేద్దామా? కొండకు పోవల్ల” అంది రెడ్డెమ్మ సాయంత్రం.

“పూజ చేసిన పసుపు తుడుస్తారా పాపా? అరిష్టం. దానంతట అదే రాలిపోవల్ల. నా బండికి ముప్ఫై ఏండ్లు ఒక్క యాక్సిడెంటు కాలేదంటే ఊరికేనా?”

ఆమె తుడవలేదు. కడిగారు, పూజ చేశారు, ఆమె లెక్కన సర్వీసు అయిపోయింది. మర్నాటినుంచి ఆ జిడ్డు కొండమీది ఎర్రధూళిని ఎక్కడిదక్కడ పట్టుకుంది. నేను దిగిన ప్రతిసారీ ఆ ధూళి సీలుకింద దూరింది. లేచిన ప్రతిసారీ గొట్టాన్ని గీరింది. ఆముదానికి రబ్బరు ఉబ్బింది. నాలుగు వారాలు నా ఒంటిమీద నేనే గరుక్కాగితం రాసుకున్నట్టయింది. ఆపమని చెప్పడానికి నోరు లేదు, ఆగడానికి బుద్ధి పుట్టదు. కొండ కనిపిస్తే నేను ఆగుతానా?

పందేనికి రెండు రోజులుందనగా నూనె బయటికి కారింది. నన్ను మదనపల్లెలో మెకానిక్ దస్తగిరి షెడ్డుకు తీసుకెళ్లారు, తండ్రీకూతుళ్లిద్దరూ. మోటారు సైకిళ్ల ఫోర్కులు విప్పడంలో చెయ్యి తిరిగినవాడు. నా కాలు లాగగానే పసుపుపచ్చ బురద బల్లమీద పడింది. దస్తగిరి వేలితో తీసి వాసన చూశాడు.

“ఎవరు పూసినారు దీనికి పసుపు?”

చెంగల్రాయుడి ముఖం పాలిపోయింది.

“నేనే అన్నా. పండగకు పూసినా” అంది రెడ్డెమ్మ, నాయన వైపు చూడకుండా.

“టీచరమ్మవి, నీకేం పొయ్యేకాలం మా? చూడు, గొట్టానికి గీత పడింది. సీలు మార్చినా ఆ గీతలోంచి కారతానే ఉంటాది. కొత్త ఫోర్కు రెండు దినాల్లో యాడ దొరుకుతాది? తుడిచి, నూనె పోసి ఇస్తా. మన అదృష్టం.”

పందెంలో ఒక్కొక్కరినే వదిలారు, గడియారం మీద. ఐదు నిమిషాల దారి. సగం దాకా నేను ఎలా పనిచేశానో ఆ కొండనే అడగండి! పళ్లు బిగించి దిగాను, లేచాను. సగం దారిలో హద్దుకు కట్టిన తాడు పక్కనున్న కుర్రాళ్లు “మూడో ప్లేసు, మూడో ప్లేసు” అని అరిచారు. చివర బండల మెట్లున్నాయి. మూడో మెట్టు మీద దిగాను, లేవలేదు. ఎంత తన్నుకున్నా లేవలేకపోయాను. నూనె కాలు వెంబడి కారి ముందు చక్రానికుండే బ్రేకు పళ్లెం, అదే డిస్కు, దానిమీద పడింది. రెడ్డెమ్మ ముందు బ్రేకు నొక్కింది, పట్టలేదు. పక్కన లోయ. ఆమె వెనక బ్రేకు మీద, నేలకు ఆనించిన కాలి మీద ఈడ్చుకుంటూ దిగింది. బతికింది. ఒకటిన్నర సెకను తేడాతో ఐదోది అయింది.

చెంగల్రాయుడు నీళ్ల సీసాతో పరుగెత్తుకొచ్చాడు. “పర్వాలేదు నాయినా, ఆ మలుపులో నేనే తప్పు చేసినా” అందామె. మళ్లీ అబద్ధం. ఆయన కళ్లకు చూపు తగ్గిందేమో కానీ చేతికి తగ్గలేదు. వంగి బ్రేకు పళ్లేన్ని వేలితో తాకాడు. బ్రేకు మీద నూనె పడితే ఏమవుతుందో లారీ డ్రైవరుకు ఒకరు చెప్పాలా? అక్కడే నేలమీద కూలబడ్డాడు. పోయింది ప్లేసు ఒక్కటే, పోబోయింది ఏమిటో ఆయనకు అర్థమైంది.

మర్నాడు నన్ను సైకిలునుంచి ఊడదీయించి, గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని దస్తగిరి షెడ్డుకు వచ్చాడు.

“ఆ పసుపు పూసింది నేనబ్బా. నా కూతురు నాకోసరం అబద్ధం చెప్పింది.”

“నాకు ఆ పొద్దే తెలుసు మామా. ఆముదంలో పసుపు కలిపేది లారీవాళ్లే గదా” అన్నాడు దస్తగిరి.

“తెలిసీ నన్ను తిట్టలేదేం? తిట్టు. తిట్టి, దీన్ని విప్పేది నేర్పు.”

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడని నేను మనసులో విసుక్కున్నాను. నేర్పాడు దస్తగిరి. ఎవరిమీద? నా మీదే. గీత పడిన గొట్టం ఇంకెందుకు పనికొస్తుంది? రెడ్డెమ్మ సైకిలుకు బెంగళూరు నుంచి వేరే ఫోర్కు వచ్చింది, నన్ను పాఠానికి పెట్టారు. విప్పడం, తుడవడం, కొలిచి నూనె పోయడం, మళ్లీ బిగించడం. మొదట్లో సీలు వంకరగా దిగ్గొట్టేవాడు, మర తప్పించేవాడు, కళ్లద్దాలు జారి నూనెలో పడేవి. నలభైసార్లు విప్పి ఉంటాడు. చక్రం లేదు, కొండ లేదు, ఊరికే వాళ్లింటి అరుగుమీద ఒంటిగా దిగి లేవడం. రోజూ ఆ కొత్తది ధూళి కొట్టుకుని తిరిగొస్తుంటే చూసి కుతకుత ఉడికిపోయేదాన్ని. ఇప్పటికీ ఉడుకుతూనే ఉన్నాను.

రెడ్డెమ్మ ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు వచ్చింది, ఆయన గోడమీద సుద్దముక్కతో రాసేవాడు. నిలబెట్టి ఉంచిన సమయం తీసేసేవాడు. మనుషుల్లో గంటలు తెలిసినవాణ్ణి నేను మొదటిసారి చూశాను. యాభైకి దగ్గరపడిన ప్రతిసారీ కొత్త ఫోర్కును తనే దస్తగిరి దగ్గరికి మోసుకెళ్లి, పక్కన నిలబడి చూసేవాడు. దాని మీద మాత్రం చెయ్యి వేసేవాడు కాదు. భయం. నన్నెంతయినా విప్పుతాడు, నా మీద ఎవరూ కొండ దిగరు కదా.

ఏడాది తిరిగింది, మళ్లీ ఎంపిక పందేనికి పది రోజులుంది. నిన్న రెడ్డెమ్మ కొండమీంచి వచ్చి సైకిలు అరుగుకు ఆనించి, ముందు చక్రం ఊడదీసింది.

“ఎన్ని గంటలాయె నాయినా?”

“నలభై తొమ్మిదిన్నర. రేపు పొద్దున్నే దస్తగిరి దగ్గరికి పోతా.”

“ఆయనెందుకు? నువ్వే విప్పు.”

చెంగల్రాయుడు ఆమె వైపు చూశాడు. “పాపా, నేనా? పది దినాల్లో పందెం పెట్టుకుని...”

“అందుకే చెప్తాండా. నాకు స్నానానికి టైమాయె” అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. గడప దగ్గర కూడా వెనక్కి తిరిగి చూడలేదు. స్నానాలగదిలో బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది, తర్వాత నీళ్ల చప్పుడు. ఆయన చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు, పంచెకు తుడుచుకున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు. కొత్త ఫోర్కు ముందు కూర్చుని, మొదటి మర వదులు చేశాడు.