నాగరాణి కొత్త ముక్కు

కేతేపల్లిలో గొర్రెకు గడ్డ లేచిందంటే బీరన్నకు కబురు పోవాల్సిందే. తుమ్మముల్లు కాల్చి గుచ్చి, చీము పిండి, పసుపు అద్ది పంపిస్తాడు. ఆ చేతి మీద ఊరికి ఎంత గురో, కూతురు నాగరాణికీ అంతే.

ఇంత నమ్మకమున్న పిల్ల తండ్రికి చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. చిన్నప్పుడు పొట్టేలు పొడిచి ఆమె ముక్కుదూలం అణిగిపోయింది. చౌటుప్పల్ మందుల కంపెనీలో కుదిరాక, పట్నంలో ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. "ముక్కు లేపిండ్రు బాపూ" అని ఊరుకుంది. లోపల సిలికాన్ పట్టీ పెట్టారంటే ఇల్లు పీకి పందిరేస్తాడని భయం. ఎముకనే పైకి లేపారనుకుని బీరన్న మురిసిపోయాడు.

ఏడాది తిరిగేసరికి ముక్కుకొన ఎర్రబడింది. ఎరుపు కనిపిస్తే ఆ రోజే రమ్మని డాక్టరు ముందే చెప్పాడు. పోతే పట్టీ తీసేస్తారేమో! మళ్లీ ఆ అణిగిన ముక్కుతో నలుగురిలో తిరగడం తలుచుకుంటేనే ఏడుపొచ్చింది. కంపెనీలో మాస్కు చాటున దాచుకుంది. ఆదివారం ఇంట్లో మాస్కు తీయక తప్పలేదు. అప్పటికి కొన మీద చర్మం పలుచబడి తెల్లగా మెరుస్తోంది.

"గడ్డ పండింది బిడ్డా. జర ఓర్చుకో, చీము పోతే అల్కగైతది" అన్నాడు బీరన్న.

చీము పోతే ఎరుపూ పోతుందేమో, దవాఖాన గండం తప్పుతుందేమోనని నాగరాణికి ఆశ పుట్టింది. వద్దనకుండా కళ్లు మూసుకుంది.

ముల్లు మోపాడో లేదో చర్మం విచ్చుకుంది. చీము వెనకే తెల్లటి గట్టి కొన బయటికొచ్చింది.

"నీ బొక్క బయటికి తీసిన బిడ్డా!" అంటూ, అది ఎముకే అనుకుని కూలబడ్డాడు బీరన్న.

"గది బొక్క గాదు బాపూ" అని నాగరాణి అప్పుడు చెప్పింది, ఏడుస్తూ.

పట్నం డాక్టరు పట్టీ తీసేశాడు. ముల్లు తగలకున్నా నేడో రేపో చర్మం చిరిగేదేనని, ఎరుపు రాగానే రాకపోవడమే తప్పని ఆమె ఒక్కదానికే చెప్పాడు. పుండు మానాక ఆమె పక్కటెముక మెత్తటి కొస తీసి ముక్కు మళ్లీ కట్టొచ్చని ఇద్దరికీ చెప్పాడు.

తిరుగు బస్సులో బీరన్న చాలాసేపు తన చేతుల్నే చూసుకున్నాడు.

"ఆగం జేసింది నేను గద. పక్కటెముక నాదే తీయమందాం బిడ్డా" అన్నాడు.

ఒక్క మాట చెబితే ఆయన గుండె బరువు దిగుతుంది. అది నాగరాణికి తెలుసు. అయినా, కట్టు నొప్పి పెడుతోందన్నట్టు కిటికీ వైపు తిరిగింది.