ఇన్‌స్పెక్టరమ్మ దగ్గర ఎవరుంటారు

మా ఆయన పోయిన రోజు పొద్దున నేను స్టాఫ్ రూములో సబ్‌స్టిట్యూషన్ చార్టు రాస్తున్నాను. సెలవు పెట్టిన టీచర్ల పీరియడ్లకు, ఆ గంటలో ఖాళీగా ఉన్నవాళ్లను వేయడం మా స్కూల్లో నా పని. ఆ రోజు సైన్సు టీచరు రాలేదు, డ్రాయింగు మాస్టారూ రాలేదు. ఏడో తరగతికి ఎవరిని పంపాలా అని చూస్తుంటే ప్యూను వచ్చి, "మేడం, ఆఫీసులో మీకు ఫోను. మీ పైవాటా ఆవిడట," అన్నాడు.

ఆవిడ ముందు పిల్లి సంగతి చెప్పింది. "టీచరుగారూ, మీ పిల్లి ఒకటే అరుపు. ఎంతకీ ఆపకపోతే కిందికి దిగి చూశాను..." అని ఆగిపోయింది. చార్టు సగంలో వదిలేసి వచ్చాను. ఆ రోజు నా పీరియడ్లకు ఎవరిని వేశారో ఇప్పటికీ అడగలేదు.

ఆయన ముందుగదిలో, పనిచేసుకునే బల్ల మీద తల వాల్చి ఉన్నారు. చేతి పక్కన సగం చుట్టిన ఫ్యాను కాయిలు ఉంది. బల్లదీపం వెలుగుతోంది. పిల్లి ఆయన పాదాల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి అరుపు ఆపింది.

ఆ పిల్లిని మేం తొందరపడి తెచ్చుకోలేదు. పెళ్లయిన కొత్తలోనే ఆయన అడిగారు. ఆయనకు బజారులో మరమ్మతుల షాపు, నాకు స్కూలు. పొద్దున తాళం వేస్తే మళ్లీ సాయంత్రమే తీసే ఇల్లు. "పిల్లంటే కుండీలో మొక్క కాదండీ, నీళ్లు పోసి వెళ్లిపోవడానికి," అనేదాన్ని. అయినా వీధిలో పిల్లి కనిపిస్తే ఆగి చూసేది నేనే. "నువ్వే గోడ మీద పిల్లివి. మనింటికి ఇంకొకటెందుకులే," అని ఆయన నవ్వేవారు.

మోకాళ్లు పట్టేసి, ఆయన షాపు మూసి బల్లను ముందుగదిలోకి తెచ్చుకున్నాక మళ్లీ ఆ మాట వచ్చింది. ఇక రోజంతా ఇంట్లో మనిషి ఉంటాడు. అప్పుడు కూడా నేను వెంటనే సరే అనలేదు. పరీక్షల రోజుల్లో నాకు ఆలస్యమైతే దానికి తిండి ఎవరు పెడతారు? పెద్ద సెలవుల్లో ఎటైనా వెళితే ఎక్కడ ఉంచుతాం? జబ్బు చేస్తే ఎవరికి చూపిస్తాం? నాకు బదిలీ అయితే కొత్త ఇంటివాళ్లు పిల్లిని రానిస్తారా? ఆయన స్క్రూడ్రైవరుతో బల్ల మీద తడుతూ ఒక్కొక్కదానికీ జవాబు చెప్పారు.

"పాఠం చెప్పేముందు కూడా ఇంత తయారవుతావా టీచరమ్మా?"

"అవుతాను."

"పాపం, పిల్లలు."

సెలవులు మొదలయ్యాకే తెచ్చాం, నేను ఇంట్లో ఉండగానే అది అలవాటు పడాలని. రాగి తీగ ముక్కలు మింగుతుందేమోనని ఆయన మూత డబ్బా ఒకటి పెట్టుకున్నారు. నేను పేపర్లు దిద్దుతుంటే అది పక్కన కూర్చుని ఎర్ర పెన్ను ఎటు పోతే అటు చూసేది. "మీ స్కూలుకి ఇన్‌స్పెక్టర్లు ఏడాదికోసారి వచ్చిపోతారు. ఇక్కడ కాపురమే పెట్టేసింది," అని ఆయనే దానికి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టారు.

ఆ పిల్లి విషయంలో అన్నిటికీ బదులు ఆలోచించుకున్నాం. ఆయన లేకపోతే అన్న ప్రశ్న మాత్రం ఇద్దరికీ రాలేదు. ఆయన పనికి సెలవులు లేవు కదా.

నేను మళ్లీ స్కూలుకు వెళ్లడం మొదలుపెట్టాక, ఒక సాయంత్రం పైవాటా ఆవిడ మెట్ల మీద ఎదురొచ్చింది.

"టీచరుగారూ, మరోలా అనుకోకండి. మీరు గేటు దాటడం, అది మొదలుపెట్టడం. మా ఆయనవి రాత్రి డ్యూటీలు, పగలే నిద్ర. నిన్న చెవులకి తువ్వాలు కట్టుకుని పడుకున్నాడు."

"మధ్యాహ్నం కాసేపు వచ్చి దాని దగ్గర కూర్చుంటారా? తాళం మీకిస్తాను."

"అయ్యో, నాకు దాని వెంట్రుక తగిలితే తుమ్ములే తుమ్ములు. అబద్ధమెందుకు, ఆ రోజు కూడా తుమ్ముతూనే ఏడ్చాను."

నవ్వొచ్చే మాటే. ఇద్దరం నవ్వలేదు.

మర్నాటి నుంచి వెళ్లేముందు బల్లదీపం వేసి వెళ్లడం మొదలుపెట్టాను. అరుపులు తగ్గాయి. కానీ తిండి గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉండేది. నేను వచ్చాక పక్కన కూర్చుంటే రెండు ముద్దలు తిని, ఆయన స్టూలు వైపు చూసేది. తర్వాత కాలుగాలిన పిల్లి అంటారే, అలా గదులన్నీ తిరిగేది. ఆ మాట పిల్లలకు జాతీయాల కింద రాయించడం చాలాసార్లు విన్నాను. కళ్లతో చూడటం అప్పుడే.

ఎత్తుకుంటే వెన్నెముక చేతికి తగలడం మొదలయ్యాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. చిన్న వయసు అమ్మాయి. నిదానంగా పరీక్ష చేసింది.

"జబ్బేమీ లేదండీ. తినడం లేదు, అంతే. ఇంట్లో ఎవరుంటారు?"

"నేను."

"పగలు?"

నేను పిల్లిని మళ్లీ బుట్టలో పెట్టాను.

"కొన్ని పిల్లులు ఒంటరిగా ఉండగలవు. ఇది ఉండలేదు. ఇలాగే తిండి మానేస్తే కాలేయం పాడవుతుంది, అప్పుడు నేను చేయగలిగేది తక్కువ. పగలు ఇంట్లో మనిషిని పెట్టండి. కుదరకపోతే, మనిషి ఉండే ఇల్లు చూడండి."

సెలవు అడుగుదామని హెడ్‌మిస్ట్రెస్ గది దాకా వెళ్లాను. ఆవిడ మంచి మనిషి, కాదనరు. కానీ ఆ సెలవు అయిపోయాక? నాకింకా చాలా సర్వీసు ఉంది. ఆ పిల్లి వయసంత సర్వీసు ఉంది. తలుపు తట్టకుండానే వెనక్కి వచ్చాను.

స్టాఫ్ రూములో డ్రిల్లు మాస్టారు ఒక్కరే ఉన్నారు, మెడలో విజిలుతో, టీ తాగుతూ. పిల్లి సంగతి ఎలా తెలిసిందో, ఆయనే కదిపారు.

"మేడం, మా అమ్మ రోజంతా ఇంట్లోనే ఉంటుంది. కాకపోతే పిల్లికి కూడా బిచ్చం పెట్టదని వీధిలో పేరు. ఆ పేరు మీ చేతుల మీదుగా పోవాలని రాసిపెట్టుందేమో!"

నేను నవ్వాను. తర్వాత గంట కొడితే ఆరో తరగతికి వెళ్లి భిన్నాలు చెప్పాను.

ఆదివారం బుట్టలో పెట్టుకుని తీసుకెళ్లాను. మాస్టారి అమ్మగారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. లేవలేదు, పని ఆపలేదు. పిల్లి బుట్టలోంచి దూకి మంచం కిందికి పోయింది.

"ఏమే, అలా దాక్కుంటే నేను వంగి పిలుస్తాననుకున్నావా? నా నడుము సంగతి నీకు తెలీదు," అంది ఆవిడ మంచం వైపు తిరక్కుండానే. కొడుకు చేత గిన్నె తన కుర్చీ దగ్గర పెట్టించుకుంది. మళ్లీ ఒలుచుకోసాగింది.

మేం టీ తాగాం. మాస్టారు స్కూలు ఆటల పోటీల గురించి ఏదో చెబుతున్నారు. నేను మంచం కిందికే చూస్తున్నాను. చాలాసేపటికి అది బయటికి వచ్చింది. ముసలావిడ చేతులు కదలడం చూసింది. మెల్లగా వెళ్లి ఆవిడ పాదాలు వాసన చూసి, గిన్నె దగ్గర కూర్చుని తినడం మొదలుపెట్టింది. మొత్తం తింది. తర్వాత ఆవిడ పాదాల మీద ఎక్కి కూర్చుంది.

దానికి కావలసింది ఆయనే అని అన్నాళ్లూ అనుకున్నాను. కాదు. ఒకచోట కూర్చుని చేతులతో పని చేసుకునే మనిషి, ఆ మనిషి పాదాలు. అంతకంటే దానికి ఏమీ అక్కర్లేదు. అదొక్కటే నేను ఇవ్వలేనిది.

సంతోషించాలి. ఇంతకంటే మంచి ఇల్లు దొరకదని నాకు తెలుసు. కానీ లేచి రాలేక అడిగాను.

"అమ్మగారూ, మీకెప్పుడైనా ఒంట్లో బాగాలేకపోతే, దీని దగ్గర ఎవరుంటారు?"

"నా కొడుకు."

"ఆయన స్కూల్లో ఉంటారు కదా."

ఆవిడ చేతులు మొదటిసారి ఆగాయి. "ఇంత పిల్లికి అన్ని ప్రశ్నలా?"

"అమ్మా, చార్టు రాసే మనిషి. ఖాళీ గడి కనిపిస్తే మేడం ఊరుకోరు," అన్నారు మాస్టారు.

ఆవిడ నన్ను కాసేపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

"అయితే రాసుకోమ్మా. నేను లేని రోజు నువ్వు. సరేనా?"

ఆవిడ తేలిగ్గానే అంది. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. ఖాళీ బుట్ట పట్టుకుని వచ్చేశాను. పిల్లి కళ్లు మూసుకుని ఉంది.

మర్నాడు పొద్దున స్కూలుకు వెళ్తూ అలవాటు కొద్దీ బల్లదీపం వేశాను. గేటు దగ్గర గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి ఆర్పాను. ఇంట్లోంచి చప్పుడేమీ లేదు. పైవాటా ఆవిడ భర్త ఆ రోజు హాయిగా నిద్రపోయి ఉంటాడు.

ఫ్యాను తాలూకు మనిషి రెండుసార్లు వచ్చాడు. "ఎలా ఉంటే అలాగే ఇచ్చేయండమ్మా, వేరేచోట చుట్టించుకుంటాను," అన్నాడు. వచ్చే వారం రమ్మన్నాను, రెండుసార్లూ. ఆ సగం కాయిలు ఆయన చుట్టిందే.

డ్రిల్లు మాస్టారు అప్పుడప్పుడు కబురు చెబుతుంటారు. "మేడం, ఇన్‌స్పెక్టరమ్మ బాగా ఒళ్లు చేసింది. అమ్మ బఠానీలు తనిఖీ చేసి గానీ వంటింట్లోకి పోనివ్వడం లేదు. ఒకసారి వచ్చి చూడండి." నిన్న వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి, "అమ్మ మిమ్మల్ని ఒకటి అడగమంది. ఆ రోజు మీరు జవాబు చెప్పలేదట," అన్నారు.

అవును, చెప్పలేదు. అక్కడికి మళ్లీ వెళ్లనూ లేదు. ఫ్యాను ఇంకా బల్ల మీదే ఉంది.