సాంచకు చెల్లిన ఆయువు

తామరతూటి దారంతో దేవతలకు వస్త్రాలు నేసి, నేతకు ఆద్యుడైన భావనామహర్షికి మొదట నమస్కారం. మా మాటలలోని చిక్కులను ఆ స్వామి విప్పుగాక.

సోలాపూర్ దాజీ పేటలో నర్సప్పకు ఒకే ఒక సాంచ ఉండేది. కరెంటుతో చద్దర్లు నేసే ఆ మగ్గం కూడా అతనిది కాదు, పుణెలోని ఒక కంపెనీది. కంపెనీవారు దానికి ఒక చిన్న పెట్టెను బిగించి, ఫోను తీగను తగిలించారు. సాంచ ఎంత నడిచినదీ, ఎప్పుడు ఆగినదీ ఆ పెట్టె ప్రతి సాయంకాలం పుణె కంప్యూటరుకు విన్నవించేది. ఏ భాగం ఎప్పుడు అరుగుతుందో, యంత్రానికి ఆయువు ఎన్నడు తీరుతుందో ఆ కంప్యూటరే నిర్ణయించేది. ఆయువు తీరిన సాంచను కంపెనీ పట్టుకుపోతుందని ఒడంబడిక.

దసరాకు ముందునాడు, ఖండే నవమినాడు పనిముట్లకు పూజ చేస్తారు. పూజలో దేనిని విడిచినా అది అలుగుతుందని ఆ పేటవారి నమ్మకం. నర్సప్ప భార్య చంద్రభాగ మోటారుకు బొట్టు పెట్టింది, పేక దారాన్ని అటూ ఇటూ నడిపే నాడెకు పెట్టింది, పెట్టెకూ పెట్టింది. అన్నింటిమీదా కొబ్బరినీళ్లు చిలకరించి, పెట్టె కొత్తది గనుక దానికి కాస్త ఎక్కువగా పోసింది.

పెట్టె తీర్థం స్వీకరించింది. దీపావళి లోపల అది పంపిన లెక్కల ప్రకారం ఆ సాంచ, ఏ యంత్రమూ ఎరుగని వేగంతో రేయింబవళ్లు నడిచి, వార్ధక్యాన్ని కూడా ముగించుకొన్నది.

కంపెనీ ఇంజనీరు శ్రీనివాస్ టెంపో తీసుకొని వచ్చాడు. ఆ పేటలోనే పుట్టి పెరిగినవాడు.

"కాకా, సాంచ బంద్ చెయ్. దీని ఉమ్మర్ అయిపోయింది."

"ఏందిరా? పోయినేడే గదా తెచ్చి పెట్టిండ్రు. నీ ముంగటనే ఖటఖట నడుస్తలేదా?"

"నడుస్తున్నది కాకా. కంప్యూటర్ల మాత్రం సచ్చిపోయింది."

"అయితె ఆ కంప్యూటర్‌నే ఎత్తుకపో. నా కూటి మీద పడ్డవేంది?"

వాకిట్లో బీడీలు చుడుతున్న చంద్రభాగ చేట దించి లేచింది. నర్సప్ప ఆమె చెవిలో, "నోరు మూసుకో. తప్పు మనదని తెలిస్తె ఇంకో సాంచ జన్మల ఇయ్యరు" అన్నాడు.

"దేవునికి చేసింది దాస్తె కండ్లు పోతయ్" అని ఆమె శ్రీనివాస్ వైపు తిరిగింది. "బిడ్డా, డబ్బకు నేనే టెంకాయ కొట్టిన. నీళ్లు జర ఎక్కువ పోసిన."

శ్రీనివాస్ పెట్టె విప్పాడు. లోపల కుంకుమ, ఒక కొబ్బరి పలుకు, చీమలు. అతడు పుణెకు ఫోను చేసి, మరాఠీలో చాలాసేపు మాట్లాడాడు.

"నూనె పోస్తె తప్పని రూలు ఉన్నదట కాకూ. టెంకాయ ముచ్చట ఎవ్వరు రాయలేదట. డబ్బ మార్చి రమ్మన్నరు" అన్నాడు చంద్రభాగతో.

"మరి సాంచ?"

"వాళ్లకు డబ్బనే తెలుసు. కొత్త డబ్బ పెడితె లెక్క సున్న నుంచి మొదలైతది. మీ సాంచ ఇయ్యాల్నే పుట్టింది."

టెంపో ఖాళీగా వెళ్లిపోయింది. నర్సప్ప స్విచ్చి మీద చెయ్యి వేశాడు. చంద్రభాగ ఆ చేతిని పక్కకు తీసింది.

"పుట్టిందన్నడు గదా. ముందు పురుడు కానియ్యి."

సాయంకాలం పుణె నుంచి ఫోను వచ్చింది. కొత్త యంత్రం మొదటినాడే ఎందుకు ఆగినదని అడిగారు. ఇంట్లో పురుడు అని నర్సప్ప మర్యాదగా మనవి చేశాడు. అవతలివారు అభినందించి, ఆడపిల్లా, మగపిల్లవాడా అని అడిగారు.

నర్సప్ప సాంచ వైపు కొంతసేపు చూసి, ఆడపిల్లే అన్నాడు.

ఈ కథ విన్నవారి ఇండ్లలో పడుగు తెగకుండుగాక, పేక తరగకుండుగాక. అందరూ నిండు నూరేండ్లు చల్లగా ఉందురుగాక.