కాలికింద చేప

"లైసెన్సు ఆఫీసరుగారొచ్చే వేళయింది, ఆ కాళ్ళు కనపడకుండా కూర్చో," అంది మా అత్తగారు. నేను వరండా తుడుస్తున్నాను. తుడిచేదాన్ని, కాళ్ళెక్కడ దాచుకోను? పగుళ్ళు పడి, గోళ్ళు నల్లబడి, నిజమే, నలుగురికి చూపించేలా లేవు. మా పని అలాంటిది. ఆటు వేళ సముద్రపు నీళ్ళు మోకాళ్ళ లోతుకి తగ్గాక, వల లేకుండా గాలం లేకుండా ఉత్త కాళ్ళతో నడవాలి. పళ్ళెంలా పలచటి చేపలు ఇసుక కప్పుకుని అడుగున పడుకుంటాయి. కంటికి ఆనవు. కాలికింద ఏదో జారుడుగా వణుకుతుంది. కొత్తవాళ్ళు కెవ్వుమని కాలెత్తేస్తారు, చేప కాస్తా పోతుంది. ఎత్తకూడదు. అక్కడే బరువేసి, వంగి, తల వెనక పట్టుకుని పైకి తీయాలి.

నాకు నేర్పింది మా ఆయనే, అబద్ధమెందుకు? ఐదేళ్ళ కిందట షుగరుతో ఆయన పాదాలకి స్పర్శ పోయింది. "ఎవరికీ చెప్పకే, పరువు పోతుంది," అన్నాడు. కన్నతల్లికి కూడా చెప్పలేదు. అప్పట్నుంచి నేను చేపని తొక్కిపెట్టి కనుసైగ చేస్తాను, ఆయన నా కాలి దగ్గర వంగి తీస్తాడు. ఒడ్డున జనం, "ఏం కాళ్ళయ్యా నీవి!" అంటారు. సొమ్మొకరిది సోకొకరిది. ఇంటికొచ్చి చేపలు కడిగి, వంట చేసి, ఆయన పాదాలకి తెగిన చోటల్లా మందు రాసేదీ నేనే. "పట్టేది వాడు, నీకేం, ఊరికే తోడు వెళ్తావు," అంటుంది అత్తగారు. అయినా నీళ్ళంటే నాకు ప్రాణం. అక్కడైతే మంచినీళ్ళు తెమ్మని ఎవరూ పిలవరు.

ఇప్పుడు కొత్త రూలొచ్చింది. ఇంటికొక్క లైసెన్సు. ఆఫీసరు ముందు ఎవరు చేప పట్టి చూపిస్తే వాళ్ళ పేరున ఇస్తారు. మిగతావాళ్ళు ఇక నీళ్ళలో దిగకూడదు. పరీక్ష రోజు మాత్రం సంచి మోయడానికి ఒకరు వెళ్ళొచ్చు.

"రేపట్నుంచి నేను లేకుండా ఎలా పడతారు?" అని మా ఆయన్ని అడిగాను.

"రేపటి సంగతి రేపు చూద్దాం. ముందు నలుగురిలో నా పరువు నిలబెట్టవే."

సంచి తగిలించుకుని ఆయన వెనకే దిగాను. ఒడ్డున ఆఫీసరు, అత్తగారు, సగం వీధి. ఇరవై అడుగులు వేశామో లేదో, నా కుడికాలి కింద వణుకు. బరువేశాను. ఆయన నా కళ్ళలోకే చూస్తున్నాడు. ఆ మొహం చూస్తే జాలేసింది. ఎంత జాలేసిందో అంత కోపమూ వచ్చింది. ఇవాళ సైగ చేశానంటే రేపట్నుంచి నాకు గట్టే గతి.

సైగ చెయ్యలేదు. నేనే వంగి పైకి తీశాను. జానెడున్నర చేప, రెండు చేతుల్లో గిలగిలా కొట్టుకుంది.

"మీకూ వచ్చా అమ్మా?" అన్నాడు ఆఫీసరు. "ఇంతకీ ఎవరి పేరు రాయను?"

"నా పేరే రాయండి. ఆయనకి పాదాల్లో స్పర్శ లేదు. ఐదేళ్ళుగా పట్టేది నేనే."

ఆయన తలవంచుకుని, "ఇంతమంది ముందు చెప్పాలా?" అని గొణిగాడు.

"ఇంతమంది ముందేగా ఇన్నాళ్ళూ పట్టారు," అని చెయ్యి అందించాను. "రండి, నెమ్మదిగా. కింద గవ్వలున్నాయి, మీకు తెలీదు."