రెండంగుళాల ఎత్తు సీటు

మా ఆయన లిఫ్టు మెకానిక్. పన్నెండో అంతస్తులో వేలాడుతూ కూడా చిటికెలో నిర్ణయం తీసుకునే మనిషికి, ఒక బండి తేల్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. దూరప్రయాణాల బండి. దాని మీద ఇద్దరం ఆరువందల కిలోమీటర్ల అవతలున్న సముద్రం చూసి రావాలని ఆయన కోరిక. అందులో రెండు రకాలున్నాయి, బేస్ మోడల్, టాప్ మోడల్. పళ్లు తోముకుంటూ బేస్ అంటారు, భోజనం దగ్గర టాప్ అంటారు. షోరూమువాళ్లిచ్చిన రంగుల కాగితం చూసీ చూసీ మడతల దగ్గర చిరిగితే, మెషిన్ మీద కుట్టిపెట్టమన్నారు. దర్జీనైన పాపానికి అది కూడా కుట్టాను.

చివరికి ఓ శనివారం నా కొట్టు మూయించి షోరూముకి లాక్కెళ్లారు. అక్కడ నిలబెట్టింది బేస్ మోడల్ ఒక్కటే. మా ఆయన ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాయి. హమ్మయ్య అనుకున్నాను.

"టాప్ మోడల్ బుక్ చేస్తే నెలకి వస్తుంది సార్. సీటు రెండంగుళాలు ఎత్తు. కాలి లోపలి పొడవు, అంటే తొడ మొదలు నుంచి మడమ దాకా, ముప్పై అంగుళాలుంటే దర్జాగా నడపొచ్చు," అన్నాడు సేల్స్‌మన్.

"నాది ముప్పయ్యే. మా ఆవిడ దర్జీ. ఇరవై రెండేళ్లుగా నా ప్యాంట్లన్నీ తనే కుడుతోంది. కావాలంటే అడగండి," అన్నారు మా ఆయన ఛాతీ విరుచుకుని.

ఆ ముప్పై వెనక ఓ కథ ఉంది.

పెళ్లికి ముందు, మా నాన్న దర్జీ దుకాణంలో నాన్న కొలతలు తీస్తే, పైకి చదివి పుస్తకంలో రాసేది నేను. ఒకరోజు ముగ్గురన్నదమ్ములు వచ్చారు. పెద్దవాళ్లిద్దరూ తాడిచెట్టంత. చిన్నవాడు వాళ్ల భుజాల దగ్గరే ఆగిపోయాడు. "వీడికి నిక్కరు చాలండీ," అని అన్నలిద్దరూ ఇకిలిస్తున్నారు. నాన్న టేపు నా వైపు తిప్పారు. ఇరవై ఏడున్నర. ఆ కుర్రాడి మొహం చూస్తే జాలేసింది. "ముప్పై!" అని వీధిలోకి వినపడేలా చదివాను. అన్నల నవ్వు ఆగిపోయింది. చిన్నవాడు నా వైపు చూసిన చూపుకి మరుసటేడే మా పెళ్లయింది.

అప్పట్నుంచీ పుస్తకంలో ముప్పై, కత్తెరకి ఇరవై ఏడున్నర. రెడీమేడ్ ప్యాంటుని మా గడప తొక్కనివ్వలేదు.

ఇప్పుడు ఆయన చేతిలో పెన్నుంది. టాప్ మోడలొస్తే సిగ్నల్ దగ్గర కాలందదు. రెండున్నర క్వింటాళ్ల బండి పక్కకి ఒరిగితే ఆయన కాలు దాని కిందే. నిజం చెబుదామా అంటే, మనిషి ఇన్నేళ్లూ తలెత్తుకు తిరిగింది ఆ ముప్పై మీదే. నాకు నిజంగా భయమేసింది.

"ఏమండీ, సంతకం పెట్టకండి. మీ కాలు ఇరవై ఏడున్నరే. మొదటి రోజు నుంచీ అంతే."

సేల్స్‌మన్ తెలివైనవాడు. రాని ఫోను చెవి దగ్గర పెట్టుకుని అవతలికి పోయాడు.

మా ఆయన మొహం ఎర్రబడింది, తర్వాత వాడిపోయింది. "ఇన్నేళ్లూ నన్ను వెర్రివాణ్ణి చేశావన్నమాట."

"తప్పే. బేస్ మోడల్ తీసుకోండి. దానికేం తక్కువ? మీకు టాప్ మోడల్ మోజు గానీ..."

"మోజా?" అని గొంతు పెంచారు. "వెనక కూర్చున్నవాళ్లు ఆనుకునే దిండు దానికే ఉంది. దీనికి లేదు, పెట్టించడానికీ కుదరదట. రోజంతా మెషిన్ మీద వంగుతావు, గోడ పట్టుకుని లేస్తావు. నీ నడుం అంత దూరం ఎలా తట్టుకుంటుంది? మూడు నెలలు ఊరికే కొట్టుకున్నానా?"

ఆ మూడు నెలలూ మనసులో ఆయన్ని తిట్టని తిట్టు లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఏం చేయాలో తోచక సీటు నొక్కి చూశాను. వేలు దిగబడింది.

"ఇదిగో బాబూ, ఆ ఫోను ఆపి ఇటు రా. టాప్ మోడల్ సీటు లోపల కూడా ఇలా స్పాంజేనా?"

"అవును మేడమ్, ఇంకా మందం. కానీ విప్పితే గ్యారంటీ పోతుంది."

"పోతే పోనీ."

మా ఆయన నన్నూ సీటునూ మార్చి మార్చి చూశారు. "కొయ్యగలవా?"

"ఇరవై రెండేళ్లు మీకు తెలియకుండా కోశాను. మీరు చూస్తుండగా కోయలేనా? కాకపోతే గట్టిగా ఉంటుంది, ముందే చెబుతున్నా."

"లిఫ్టు గోతిలో ఇనప కమ్మీల మీద కూర్చుని అన్నం తినేవాణ్ణి, నాకు చెబుతున్నావా?" అంటూ నవ్వేశారు. టాప్ మోడల్‌కే సంతకం పెట్టారు.

బండి వచ్చిన రోజున తనే వెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డారు. "సరిగ్గా కొలువు. జాలిపడకు," అన్నారు. కొలిచాను. ముందు సీటు స్పాంజి రెండంగుళాలు కోసి, రెగ్జిన్ బిగించి కుట్టాను. రెండు సూదులు విరిగాయి.

మొదటి సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆయన పాదాలు రెండూ మడమలతో సహా నేలకి ఆనాయి.

"ఆనుకున్నావా?" అని ముందు నుంచి అరిచారు.

ఆనుకున్నాను. నడుముకి హాయిగా ఉంది. ఏడుపొచ్చేసింది, హెల్మెట్ ఉండబట్టి పరువు దక్కింది.

"ఆనుకున్నాలెండి, పోనివ్వండి," అన్నాను.