నూటికి డెబ్బై ఒకటి

స్కాను గదిలో అతనికి పదిహేడేళ్ళ సర్వీసు. గుండె రక్తనాళాల ఫొటోలు తీయడంలో అతన్ని మించినవాడు లేడని ఆసుపత్రిలో పేరు. ‘ఊపిరి పీల్చండి... బిగబట్టండి’ అని మెషీనులో వినిపించే గొంతు కూడా అతనిదే. ఎప్పుడో రికార్డు చేసి పెట్టాడు. అందుకే అందరూ అతన్ని ఊపిరి మాస్టారనేవారు.

నెల రోజులుగా మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది. గ్యాసేలెమ్మని సరిపెట్టుకున్నాడు. తనతో పనిచేసే అమ్మాయి కనిపెట్టేసింది. ఆమె ఊరుకునే రకం కాదు.

“రోజూ ఇరవై మంది గుండెలు చూస్తారు, మీదొక్కటే ఇనుముతో చేశారా అన్నయ్యా? ఎక్కండి బల్ల!” అని దబాయించింది.

చేతి నరంలోంచి రంగుమందు వెచ్చగా పాకింది. ‘ఊపిరి పీల్చండి... బిగబట్టండి’ అంది తన గొంతే. ఇన్నేళ్ళు విన్నా, ఆ గొంతు ఇంత ముక్తసరిగా, పరాయివాడిదిలా ఉంటుందని అతనికి తెలియదు. బుద్ధిగా బిగబట్టాడు.

ఫొటోలో ఒక నాళం సగం దాకా పూడుకుపోయి కనిపించింది. పూడిక కనబడితే చాలదు, దాన్ని దాటి రక్తం ఏ మాత్రం పారుతోందో తేలాలి. ఆ లెక్క కంప్యూటరు కడుతుంది. పూడిక ఇవతలి ఒత్తిడితో పోలిస్తే అవతలిది నూటికి ఎనభై పాళ్ళు దాటి ఉంటే మందులతో గడిచిపోతుంది. అతనిది డెబ్బై ఒకటి.

“రేపే స్టెంటు వేద్దాం. సంతకానికి మీ వాళ్ళని రమ్మనండి,” అన్నాడు డాక్టరు.

తన వాళ్ళంటే ఒక్క అక్క. అమ్మ పోయిన నాడు మాటా మాటా పెరిగి, అయిదేళ్ళుగా పలకరింపుల్లేవు. వరండాలో నిలబడి ఫోన్ చేశాడు.

“అక్కా, నేను.”

“ఎవరూ?” పోల్చుకోలేదామె. కాసేపటికి, “నువ్వా! ఏరా, కులాసాయేనా?”

చెబుదామని నోరు తెరిచాడు. “కులాసాయే. ఊరికే చేశాను.”

“మంచిది. పొయ్యి మీద పాలున్నాయి, మళ్ళీ చేస్తాలే.”

సాయంత్రం దాకా ఫోను చేతిలోనే పట్టుకున్నాడు. అది మోగలేదు.

మర్నాడు సంతకం అమ్మాయే పెట్టింది. “సంబంధం అన్నచోట ఏం రాయను?”

“ఉన్నదే రాయి తల్లీ. తోటి ఉద్యోగి.”

గడి చిన్నది, మాట పట్టలేదు. చివరి అక్షరాలు ఇరికించి రాసింది.

స్టెంటు సలక్షణంగా పడింది. “ఇప్పుడు తొంభై నాలుగు. గండం గడిచింది అన్నయ్యా!” అని చెప్పి, బడి నుంచి పిల్లను తీసుకురావాలంటూ పరుగెత్తింది అమ్మాయి.

వార్డులో పక్క మంచం చుట్టూ ఆరుగురు చేరారు. పెద్దాయనకు ఒకరు దిండు సర్దుతుంటే, ఇంకొకరు పండు వలుస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ మొహమాటంగా ఇటు వచ్చింది.

“ఈ కుర్చీ మీ వాళ్ళెవరికైనా కావాలాండీ?”

“లేదమ్మా, తీసుకోండి,” అన్నాడతను.