వెనక్కి చూసిన పిల్ల

పాలు పితకడం అయ్యాక నలంగు ముసలమ్మ వేలికింత వెన్న తీసుకుని, ముళ్లకంచె దాటి, బాట పక్కనున్న నల్లరాయి దగ్గరికి వెళ్లేది. వెన్న పులిమి, "అక్కా, ఇవాళ గాలి చల్లగా ఉంది కదూ?" అనేది. మాసాయి తెగ పిల్ల అత్తారింటికి వెళ్తూ వెనక్కి చూడకూడదు, చూస్తే రాయైపోతుంది. అరవై ఏళ్ల కిందట ముసలమ్మ అక్క, నసీకు అనే పిల్ల, అలా చూసింది. రోజూ తన వీపునెక్కి తిరిగే ఆరేళ్ల చెల్లెలు నలంగు కంచె దగ్గర ఏడుస్తుంటే చూడకుండా ఉండలేకపోయింది. ఆ రోజుల్లో రాయిని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు.

అక్కడ ఇళ్లు కట్టేది ఆడవాళ్లే. అందుకని బడీ వాళ్లే కట్టారు. కొమ్మలల్లి, పేడా మట్టీ కలిపి మెత్తారు. మగవాళ్లు నీడలో కూర్చుని గోడ వంకరగా ఉందని చెప్పే బరువైన పని చూసుకున్నారు.

ముసలమ్మ మనవరాలు సిమలోయ్ ఆ బళ్లో రెండేళ్లు చదివిందో లేదో, తండ్రి, కొయాకి అనేవాడు, ఆమెను ఓ పెద్దాయనకిస్తానని మాటిచ్చేశాడు.

"బడి ఎక్కడికి పోతుందమ్మా?" అన్నాడు తన తల్లి నలంగుతో.

"బడి పోదు. పిల్లే పోతోంది."

"మాటిచ్చాను. నువ్వు అడ్డు రాకు."

"నేనెందుకొస్తాను నాయనా? పెళ్లికూతురికి తల గొరిగి నెయ్యి రాయడం నా వంతు. అది చేసి ఊరుకుంటాను."

తల గొరుగుతూ మనవరాలి చెవిలో ఓ మాట చెప్పింది.

"భయమేస్తుందా కోకో?" అని నాన్నమ్మను అడిగింది సిమలోయ్.

"వేస్తుంది. మా అక్క ఒంటరిదైపోయింది. నీకు మేమందరం ఉన్నాం."

పెళ్లివారి వెంట నడుస్తూ సిమలోయ్ నల్లరాయి దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగి బడిని తనివితీరా చూసింది. పెళ్లివారు కాసేపు నిలబడి, పిల్లకు ఓలిగా ఇచ్చిన తమ ఆవుల్ని తోలుకుని వెళ్లిపోయారు. రాయైన పిల్లను మళ్లీ అడిగే ఆచారం లేదు. కొయాకి అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆడవాళ్లు కట్టెలు మోసే తాళ్లు తెచ్చి, రాయిని బడికి మోసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టారు. వంతులేసుకుని వెన్న రాశారు. టీచరమ్మ రోజూ హాజరు పిలిచి, జవాబు కోసం కాస్త ఆగి, తర్వాతి పేరుకు వెళ్లేది.

పంతొమ్మిదో రోజున, "సిమలోయ్."

"ఉన్నాను టీచర్." గొంతు కొంచెం గరగరలాడింది.

టీచరమ్మ రాసుకుని పాఠం మొదలుపెట్టింది. కొయాకి పాలబుర్ర పట్టుకుని బయట నిలబడ్డాడు, లోపలికి రావడానికి మొహం చెల్లక.

మర్నాడు ముసలమ్మ వెన్నతోపాటు తాడు కూడా పట్టుకెళ్లింది. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. చిన్నప్పుడు తనను మోసిన అక్కను వీపున ఎత్తుకుని, మూడుచోట్ల ఆగి, మనవరాలి పక్కన దించింది.

"పేరు నసీకు. వయసు కాస్త ఎక్కువే. రాసుకో తల్లీ."

టీచరమ్మ రాసుకుంది. ఆ పేరు పిలిచి ఆగింది. ముసలమ్మ వేలికి వెన్న తీసుకుని గుమ్మంలో కూర్చుంది.